టేస్టింగ్ సాల్ట్ క్లోమం దాకా చేరుతుందా?

హనుమకొండ చౌరస్తాలోనో, నక్కలగుట్టలోనో, కాజీపేట రైల్వే స్టేషన్ బయటనో చీకటి పడ్డాక ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర నిలబడితే, పెద్ద మంట మీద ఎగురుతున్న అన్నంలోకి వంటమనిషి ఉప్పు, మిరియాల పొడి, సోయాసాస్‌లతో పాటు మరో డబ్బాలోంచి తెల్లని సన్నని పలుకులు వేయడం కనిపిస్తుంది. మన దగ్గర దాన్ని టేస్టింగ్ సాల్ట్ అంటారు, లేదా తయారుచేసే జపాన్ కంపెనీ పేరుతో అజినమోటో అంటారు. దాని రసాయన నామం మోనోసోడియం గ్లుటమేట్, పొట్టిగా ఎంఎస్‌జీ. ఆ పలుకులు ఇన్సులిన్ ఊరే క్లోమాన్ని (పాంక్రియాస్) తినేస్తాయని, తరచుగా తింటే షుగర్ వ్యాధి ఖాయమని కొన్నేళ్లుగా గట్టి ప్రచారం సాగుతోంది. ఆ ప్రచారానికి సాక్ష్యంగా ఎలుకల క్లోమం ఫొటోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. వందేళ్లకు పైగా లోకమంతా తింటున్నదే కదా, ఏమీ కాదు అని తేల్చిపారేసే వాళ్లూ ఉన్నారు.

ఎలుకల మీద కనిపించిన హాని అబద్ధం కాదు. కానీ ఆ ఎలుకలకు గ్లుటమేట్‌ను ఏ వయసులో, ఏ దారిలో, ఎంత మోతాదులో ఇచ్చారో తెలుసుకోకుండా ఆ ఫొటోను మన పళ్లెం పక్కన పెడితే తప్పుడు నిర్ణయానికి వస్తాం. 2023లో వెలువడిన భారతీయ వైద్య పరిశోధన మండలి సర్వే దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, అంటే పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి ఉందని లెక్కకట్టింది. షుగర్ మాత్ర లేని ఇల్లు అరుదైపోతున్న కాలంలో క్లోమం గురించిన భయం సహజమే. ఆ భయం సరైన చోట పడాలి, అందుకే ఈ విషయాన్ని కొంచెం ఓపికగా విప్పి చూడవలసి ఉంది.

గ్లుటమేట్ ప్రయోగశాలలో పుట్టిన కొత్త పదార్థం కాదు. 1866లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ రిట్‌హౌజెన్ గోధుమ మాంసకృత్తు నుంచి గ్లుటమిక్ ఆమ్లాన్ని వేరుచేశాడు. 1908లో టోక్యో విశ్వవిద్యాలయ ఆచార్యుడు కికునే ఇకెడా, కొంబు అనే సముద్రపు నాచుతో కాచిన రసానికి రుచి ఎక్కడి నుంచి వస్తోందని వెతికి, అది గ్లుటమేట్ వల్లేనని తేల్చాడు. మరుసటి ఏడాదే అది అమ్మకానికి వచ్చింది. ఇప్పుడు చెరకు మడ్డి, కర్రపెండలం పిండి వంటి వాటిని బ్యాక్టీరియాతో పులియబెట్టి తయారు చేస్తున్నారు. పండిన టమాటలో, తల్లిపాలలో, పులిసిన సోయాసాస్‌లో ఇదే గ్లుటమేట్ స్వేచ్ఛగా ఉంటుంది; మన టమాట తొక్కు నాలుకకు అంటిపెట్టుకునే రుచిలో దాని వాటా ఉంది. పప్పు, గుడ్డు, మాంసం, పాలు, గోధుమల మాంసకృత్తులలో అది ఇతర అమైనో ఆమ్లాలతో ముడిపడి ఉంటుంది, అరిగేటప్పుడు విడివడుతుంది. అమెరికా ఆహార ఔషధ సంస్థ అంచనా ప్రకారం అక్కడి ఒక పెద్ద మనిషికి ఆహారంలోని మాంసకృత్తుల ద్వారా రోజుకు దాదాపు 13 గ్రాముల గ్లుటమేట్ అందుతుంది. విడిగా కలిపిన మోనోసోడియం గ్లుటమేట్ రూపంలో అందేది సగటున అర గ్రాము. కాబట్టి క్లోమానికి గ్లుటమేట్ పరాయిది కాదు. అసలు గ్లుటమేట్ లేకుండా క్లోమం పనిచేయదు కూడా.

క్లోమం లోపల గ్లుటమేట్ చేసే పని

క్లోమం కడుపు వెనుక, వెన్నుకు ఆనుకుని అడ్డంగా ఉండే గ్రంథి. అందులో ఎక్కువ భాగం అరుగుదలకు కావలసిన రసాలను తయారు చేసి చిన్నపేగులోకి పంపుతుంది. ఆ కణజాలం మధ్యలో అక్కడక్కడ దీవుల్లా చెదిరి ఉండే కణసమూహాలను 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్య విద్యార్థి గుర్తించాడు. ఆ దీవులలోని బీటా కణాలు ఇన్సులిన్‌ను, ఆల్ఫా కణాలు గ్లూకగాన్‌ను వదులుతాయి. మొదటిది రక్తంలో చక్కెరను దించుతుంది, రెండోది పెంచుతుంది.

భోజనం తరువాత రక్తంలో గ్లూకోజ్ పెరిగినప్పుడు అది బీటా కణంలోకి వెళ్లి, కణానికి శక్తినిచ్చే భాగాలైన మైటోకాండ్రియాలో కరిగి శక్తిగా మారుతుంది. ఆ శక్తి పెరగగానే కణపు పొరలోని పొటాషియం ద్వారాలు మూసుకుంటాయి, కాల్షియం లోపలికి వస్తుంది, నిల్వ ఉన్న ఇన్సులిన్ సంచులు పగిలి రక్తంలో కలుస్తాయి. మన ఇళ్లలో చాలామంది పొద్దున్నే వేసుకునే గ్లిమెపిరైడ్ మాత్ర ఆ పొటాషియం ద్వారాలనే మూయిస్తుంది. అయితే ద్వారాలు మూసినంత మాత్రాన ఇన్సులిన్ పూర్తి స్థాయిలో రాదు, లోపల ఇంకో సంకేతం కూడా ఉండాలి. ఆ సంకేతం మైటోకాండ్రియాలో పుట్టే గ్లుటమేటేనని 1999లో జెనీవా పరిశోధకులు మెక్లర్, వోల్‌హైమ్ ప్రతిపాదించారు. అందరూ దాన్ని ఒప్పుకోలేదు. తరువాత వచ్చిన కొన్ని ప్రయోగాలు సమర్థించాయి, కొన్ని విభేదించాయి.

బీటా కణంలో గ్లుటమేట్‌కు పెద్ద పాత్ర ఉందనడానికి మరింత బలమైన రుజువు పసిపిల్లల నుంచి దొరికింది. గ్లుటమేట్‌ను శక్తిగా మార్చే దారిలో గ్లుటమేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ ఉంది. దాని జన్యువులో మార్పు వల్ల ఆ ఎంజైమ్ అదుపు లేకుండా పనిచేసే పిల్లలను ఫిలడెల్ఫియాలో చార్లెస్ స్టాన్లీ బృందం 1998లో వివరించింది. ఆ పిల్లలు పప్పో గుడ్డో పాలో తీసుకున్నా ఇన్సులిన్ ఎక్కువగా ఊరి, రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చక్కెర తిన్నందుకు కాకుండా మాంసకృత్తు తిన్నందుకు ఇన్సులిన్ ఎగసే ఈ అరుదైన జబ్బును చూస్తే, బీటా కణం లోపల గ్లుటమేట్ కదలిక ఎంత సున్నితమైనదో అర్థమవుతుంది.

అదే గ్లుటమేట్ కణం బయట ఉన్నప్పుడు కథ మారిపోతుంది. ఆల్ఫా కణాలు గ్లూకగాన్‌తో పాటు కొంత గ్లుటమేట్‌ను కూడా వదులుతాయి. అది తిరిగి ఆల్ఫా కణాల మీదే ఉన్న గ్రాహకాలను, అంటే సంకేతాలను అందుకునే ప్రోటీన్లను, తాకి మరింత గ్లూకగాన్‌ను రప్పిస్తుందని 2008లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. బీటా కణాల పొర మీద ఎన్‌ఎండీఏ అనే గ్లుటమేట్ గ్రాహకాలు ఉన్నాయి. మెదడులో జ్ఞాపకానికి అవసరమైనవీ ఇవే. 2015లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ పరిశోధకులు ఆ గ్రాహకాలను అడ్డుకుంటే బీటా కణాలు గ్లూకోజ్‌కు ఇంకా బాగా స్పందిస్తాయని ఎలుకలలోనూ, మనుషుల క్లోమ దీవులలోనూ గమనించారు. దగ్గు మందులలో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌కు ఆ గ్రాహకాలను అడ్డుకునే గుణం ఉంది కనుక, టైప్ 2 మధుమేహం ఉన్న కొద్దిమందికి దాన్ని ఇచ్చి చూస్తే ఇన్సులిన్ కొంత పెరిగింది. ఇది చదివి ఎవరూ షుగర్ కోసం దగ్గు మందు తాగకూడదు. అది వైద్య పర్యవేక్షణలో చేసిన చిన్న ప్రయోగం, ఆ మందుకు దాని దుష్ప్రభావాలు దానికి ఉన్నాయి.

ఇంకో పరిశోధన ధోరణి, దీవుల చుట్టూ గ్లుటమేట్ బాగా పేరుకుపోతే బీటా కణాలు చనిపోగలవని, అలా పేరుకోకుండా దాన్ని ఎప్పటికప్పుడు తోడిపోసే ప్రత్యేక రవాణా ప్రోటీన్ ఆ కణాల మీద ఉందని చెబుతుంది. అంటే లోపలి గ్లుటమేట్ ఇన్సులిన్‌కు తోడ్పడుతుంది, వెలుపలి గ్లుటమేట్ మితిమీరితే దానికి అడ్డు తగిలి కణానికి హాని కూడా చేయగలదు. టేస్టింగ్ సాల్ట్ మీద అనుమానం ఉన్నవాళ్లు ఎత్తిచూపే శాస్త్రీయ ఆధారం ఇదే, దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కాకపోతే ఈ ప్రయోగాలలో గ్లుటమేట్‌ను నేరుగా కణాల మీద పోశారు. నోటిలో వేసుకున్నది ఆ కణాల దాకా చేరాలంటే ముందు పేగును దాటాలి.

ఇక్కడ ఒక చిన్న గందరగోళాన్ని తొలగించాలి. టైప్ 1 మధుమేహం అనుమానించినప్పుడు డాక్టర్లు గ్యాడ్ యాంటీబాడీ పరీక్ష రాస్తారు. గ్యాడ్ అంటే గ్లుటమేట్‌ను మరో రసాయనంగా మార్చే ఎంజైమ్; బీటా కణాలలో ఉండే ఆ ఎంజైమ్ మీద శరీరమే పొరపాటున దాడి చేసినప్పుడు ఈ యాంటీబాడీలు కనిపిస్తాయి. రిపోర్టులో పూర్తి పేరు చదివి, తిన్న టేస్టింగ్ సాల్ట్ వల్లే ఇది వచ్చిందని అనుకోవలసిన పని లేదు. గ్లుటమేట్ తినడానికీ ఈ యాంటీబాడీలు పుట్టడానికీ సంబంధం ఉన్నట్టు ఏ ఆధారమూ లేదు. బిడ్డకు ఆ జబ్బు వచ్చిన తల్లిదండ్రులు, ఏదో తినిపించినందుకే ఇలా అయిందని తమను తాము నిందించుకోవడం అన్యాయం.

పేగు గోడ దగ్గరే ఆగిపోయేది

చిన్నపేగు లోపలి పొరలోని కణాలు మూడు నుంచి ఐదు రోజులలో పూర్తిగా కొత్తవి అవుతుంటాయి. అంత వేగంగా పెరిగే కణాలకు శక్తి చాలా కావాలి, దాన్ని అవి ఎక్కువగా గ్లుటమేట్ నుంచే తీసుకుంటాయి. పందిపిల్లల మీద 1990లలో జరిగిన కొలతలలో, తిన్న గ్లుటమేట్‌లో 90 శాతానికి పైగా పేగు గోడలోనే ఖర్చయిపోయి, కాలేయానికి వెళ్లే రక్తంలోకి అతికొద్దిగా మాత్రమే వచ్చింది. మనుషులలో జరిగిన కొలతలలోనూ పేగు, కాలేయం రెండూ కలిసి దాదాపు అంతే భాగాన్ని మొదటి విడతలోనే వాడేసుకుంటున్నట్టు తేలింది. చెరువు తూము దగ్గరి పొలాలే నీళ్లన్నీ పీల్చుకుంటే ఆయకట్టు చివరి మడికి తడి అందనట్టు, పేగును, కాలేయాన్ని దాటి క్లోమం దాకా పారే గ్లుటమేట్ చాలా తక్కువ.

ఈ అడ్డుకట్టకు హద్దులు లేకపోలేదు. గ్లుటమేట్‌ను ఖాళీ కడుపున నీళ్లలో కలిపి ఎక్కువ మోతాదులో ఇచ్చినప్పుడు రక్తంలో దాని స్థాయి స్పష్టంగా పెరుగుతుంది. అదే మోతాదును అన్నం వంటి పిండిపదార్థం ఉన్న భోజనంతో ఇస్తే ఆ పెరుగుదల చాలా తగ్గిపోతుంది. అమెరికాలో 1995లో వెలువడిన ఒక నిపుణుల నివేదిక, భోజనం లేకుండా 3 గ్రాములో అంతకంటే ఎక్కువో తీసుకున్న కొందరు సున్నిత శరీరులలో కొద్దిసేపు తలనొప్పి, ముఖం వేడెక్కడం, గుండెదడ వంటివి కనిపించవచ్చని ఒప్పుకుంది. కాబట్టి బండి మీద తినేవాటిలో నన్ను కొంచెం ఆలోచింపజేసేది ఫ్రైడ్‌రైస్ కంటే ఖాళీ కడుపున తాగే మంచో సూపు. ద్రవం త్వరగా పేగులోకి దిగుతుంది, వెంట పిండిపదార్థం తక్కువ, గిన్నెలో టేస్టింగ్ సాల్ట్ ఎక్కువ ఉండే అవకాశం ఉంది.

ఎలుకల లెక్క

1969లో అమెరికాలోని సెయింట్ లూయీలో జాన్ ఓల్నీ అనే వైద్యుడు, పుట్టి కొద్ది రోజులే అయిన చిట్టెలుక పిల్లల చర్మం కిందికి మోనోసోడియం గ్లుటమేట్ ఎక్కించాడు. వాటి మెదడు అడుగు భాగంలో ఆకలిని, శరీర బరువును నియంత్రించే చోట కణాలు చచ్చిపోయాయి. పెద్దయ్యాక ఆ ఎలుకలు లావెక్కాయి. అప్పటి నుంచి ఈ పద్ధతి స్థూలకాయంపై పరిశోధనకు ఒక సాధనంగా మారింది. అలా తయారైన జంతువులలో క్లోమ దీవులు అతిగా ఇన్సులిన్ ఊరిస్తాయి, శరీరం మాత్రం ఆ ఇన్సులిన్ మాట వినదు. ఫోన్లలో తిరిగే ఫొటోల వెనుక ఉన్న ప్రయోగాలలో చాలా వాటికి మూలం ఈ పద్ధతే.

ఇక్కడ క్లోమం నేరుగా గాయపడిందా అన్నది కీలకమైన ప్రశ్న. ఆ ఎలుకలలో మెదడు దెబ్బతినడం వల్ల వేగస్ నాడి ద్వారా క్లోమానికి వెళ్లే ఆదేశాలు మారిపోతాయి. ఆ నాడిని పొట్ట దగ్గర కత్తిరించిన ప్రయోగాలలో అధిక ఇన్సులిన్, కొవ్వు రెండూ తగ్గాయి. అంటే క్లోమం ఇక్కడ తప్పుడు ఆజ్ఞలకు లోబడి పనిచేసింది. పైగా అప్పుడే పుట్టిన ఎలుక మెదడుకు రక్తం నుంచి వచ్చే రసాయనాలను ఆపే అడ్డుగోడ ఇంకా గట్టిపడి ఉండదు, గ్లుటమేట్ కూడా పేగును తప్పించి చర్మం కింది నుంచి వెళ్లింది. నోటి ద్వారా, అన్నంతో పాటు తినే పెద్ద మనిషికి ఈ రెండు పరిస్థితులూ వర్తించవు. మన దేశంలో మోనోసోడియం గ్లుటమేట్ కలిపిన ప్యాకెట్ల మీద 12 నెలల లోపు పసిపిల్లలకు తగదని ముద్రించాలన్న నిబంధన ఉంది. ఓల్నీ ప్రయోగం లేవనెత్తిన ఆందోళనను తలచుకుంటే అది న్యాయమైన జాగ్రత్తే అనిపిస్తుంది.

పెద్ద ఎలుకలకు నోటి ద్వారానే ఇచ్చి చూసిన ప్రయోగాలలో నేను ఎక్కువ బరువిచ్చేది థాయ్‌లాండ్‌లోని ఖోన్ కేన్ విశ్వవిద్యాలయం నుంచి 2015లో వచ్చినదానికి. ప్రతి గ్రాము శరీర బరువుకు 2 మిల్లీగ్రాముల చొప్పున తాగే నీటిలో కలిపి తొమ్మిది నెలల వరకు ఇచ్చారు. బీటా కణాల రాశి తగ్గింది, దీవులలో రక్తస్రావం జరిగిన గుర్తులు, నారలాంటి మచ్చలు కనిపించాయి. కానీ ఆ ఎలుకల రక్తంలో చక్కెరగానీ ఇన్సులిన్‌గానీ చెప్పుకోదగినంత మారలేదు. హాని గుర్తులు ఉన్నాయి, జబ్బు లేదు. ఈ రెండు ముక్కలలో ఒకదాన్ని దాచి రెండోదాన్ని చెప్పడం ప్రచారంలో మామూలైపోయింది.

ఆ మోతాదును మనిషికి మార్చి చూద్దాం. గ్రాముకు 2 మిల్లీగ్రాములు అంటే కిలోకు 2 గ్రాములు. 60 కిలోల మనిషికి నేరుగా గుణిస్తే రోజుకు 120 గ్రాములు అవుతుంది. ఇది విని నవ్వి ఊరుకోవడం కూడా సరికాదు, ఎందుకంటే చిన్న జంతువుల శరీరం రసాయనాలను వేగంగా వదిలించుకుంటుంది కనుక ఔషధ శాస్త్రంలో ఎలుక మోతాదును దాదాపు ఆరుతో భాగించే పద్ధతి ఉంది. అలా చూస్తే 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 19 గ్రాములు, అంటే దాదాపు ఐదు టీస్పూన్లు, అది కూడా ఏళ్ల తరబడి. మన ఫాస్ట్‌ఫుడ్ ప్రియులు ఆ దరిదాపులకు రారు. అయినా 19కి, 120కి మధ్య ఉన్న తేడా గమనించదగినది. 120 గ్రాముల లెక్క చెప్పి భయం పోగొట్టే వాళ్లు నిజాన్ని కొంత తేలిక చేస్తున్నారు.

మనుషుల మీద జరిగినవి

2002లో ప్రచురితమైన ఒక ఫ్రెంచి ప్రయోగంలో ఆరోగ్యవంతులకు 10 గ్రాముల మోనోసోడియం గ్లుటమేట్ ఇచ్చి, గ్లూకోజ్ తాగించి చూశారు. రక్తంలో గ్లుటమేట్ ఎక్కువగా పెరిగిన వాళ్లలో బీటా కణాల స్పందన కూడా ఎక్కువగా ఉంది, గ్లూకోజ్‌ను అదుపు చేసే శక్తిలో మాత్రం తేడా రాలేదు. ఒక్కసారి ఇచ్చిన పెద్ద మోతాదు క్లోమాన్ని కాస్త తట్టి లేపుతుందనే దీని అర్థం. ఏళ్ల తరబడి తింటే ఏమవుతుందన్నది ఇలాంటి ప్రయోగం చెప్పలేదు.

ఆ ప్రశ్నకు దగ్గరగా వచ్చినది 2012లో ఖోన్ కేన్ పల్లెల్లో జరిగిన అధ్యయనం. అక్కడి ఇళ్లలో టేస్టింగ్ సాల్ట్ మన ఇళ్లలో ఉప్పులా వాడతారు. కుటుంబాలకు తూచిన ప్యాకెట్లు ఇచ్చి, ఎంత ఖర్చయిందో చూసి మనిషికి లెక్కకట్టారు. సగటు రోజుకు 4 గ్రాములు. రోజుకు ఒక్కో గ్రాము పెరిగే కొద్దీ నడుము చుట్టుకొలత, రక్తపోటు, చక్కెర, కొవ్వులు కలగలిసి చెడే జీవక్రియా రుగ్మత సంభావ్యత 1.14 రెట్లయింది. తిన్న మొత్తం కేలరీలను, శారీరక శ్రమను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ సంబంధం నిలిచింది. ఇది ఒకే కాలంలో తీసిన చిత్రం కనుక, టేస్టింగ్ సాల్ట్ వల్ల రుగ్మత వచ్చిందో, రుచి మీద మక్కువతో ఎక్కువ తినేవాళ్లే రెండింటికీ గురయ్యారో ఇది విడదీయలేదు. చైనాలో 10 వేలకు పైగా పెద్దలను కొన్నేళ్లు గమనించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో ఎక్కువ వాడే వాళ్లలో బరువు పెరిగే అవకాశం ఎక్కువగా ఉంది. జియాంగ్సు రాష్ట్రంలో ఐదేళ్లు గమనించి 2010లో ప్రచురించిన మరో అధ్యయనం, ఆహారపు అలవాట్లను సరిచూసుకుంటే అటువంటి సంబంధం లేదని చెప్పింది. ఒకే దేశం, ఒకే పదార్థం, రెండు జవాబులు. ఇందులో ఏదో ఒకదాన్ని ఏరుకుని గట్టిగా చెప్పడం నాకు నిజాయితీగా తోచదు.

నియంత్రణ సంస్థలు కూడా ఒకే మాట మీద లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 1987లో దీనికి రోజువారీ పరిమితి అంకె పెట్టనవసరం లేదని చెప్పింది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2017లో అన్ని ఆధారాలనూ తిరిగి చూసి, కిలో శరీర బరువుకు రోజుకు 30 మిల్లీగ్రాములు, గ్లుటమిక్ ఆమ్లం లెక్కన, అన్న పరిమితి పెట్టింది. హాని కనిపించని జంతు మోతాదు కిలోకు 3,200 మిల్లీగ్రాములను తీసుకుని వందతో భాగించి వాళ్లు ఆ అంకెకు వచ్చారు. మనుషులలో ఇన్సులిన్ పెరగడం కిలోకు 143 మిల్లీగ్రాములు దాటినప్పుడు కనిపిస్తోందని కూడా అదే సమీక్షలో నమోదు చేశారు. 60 కిలోల మనిషికి అది ఎనిమిదిన్నర గ్రాములకు పైమాట. ఐరోపా పరిమితి ప్రకారం అదే మనిషికి రోజుకు 1.8 గ్రాముల గ్లుటమిక్ ఆమ్లం, టేస్టింగ్ సాల్ట్ రూపంలో సుమారు 2.3 గ్రాములు. 20 కిలోల బిడ్డకు ముప్పావు గ్రాము.

ఈ అంకెలను బండి దగ్గరికి తెచ్చి చూడాలి. వంటలో టేస్టింగ్ సాల్ట్ సాధారణంగా ఆహారం బరువులో 0.1 నుంచి 0.8 శాతం మధ్య ఉంటే రుచి బాగుంటుంది, అంతకు మించితే రుచే చెడుతుంది. 400 గ్రాముల ఫ్రైడ్‌రైస్‌లో అర శాతం ఉందనుకుంటే 2 గ్రాములు. పెద్ద మనిషి ఒక ప్లేటుతో ఐరోపా పరిమితి అంచుకు వస్తాడు, ఆరేళ్ల పిల్లవాడు సగం ప్లేటుతోనే దాన్ని దాటేస్తాడు. పరిమితి దాటగానే క్లోమం దెబ్బతింటుందని కాదు. అందులో వంద రెట్ల జాగ్రత్త ఇమిడి ఉంది. కానీ బండి వంటలో తూకం ఉండదు, గరిట కొసతో తీసి వేస్తారు, సాయంత్రం రద్దీలో చెయ్యి ఎటు పోతే అటే. పిల్లలకు వారానికి నాలుగైదు సార్లు ఆ ప్లేటు కట్టించుకుని తెచ్చే ఇళ్లకు నేను చెప్పగలిగేది, అన్నం వేయించే ముందే ఆ డబ్బా తెరవొద్దని అడగమని. అడిగితే చాలా బండ్ల వాళ్లు మానేస్తారు. సోయాసాస్, సాస్‌ల ద్వారా కొంత ఎలాగూ వస్తుంది. కిరాణంలో కొనే చిప్స్, నూడుల్స్ ప్యాకెట్ల వెనుక ఐఎన్‌ఎస్ (ఆహారంలో కలిపే పదార్థాల అంతర్జాతీయ సంఖ్య) 621 అని ఉంటే అది ఇదే; 627, 631, 635 అంకెలు దాని రుచిని హెచ్చించే తోటి పదార్థాలు. 2015లో మ్యాగీ నూడుల్స్ వివాదంలో ప్యాకెట్ మీది ‘అదనంగా ఎంఎస్‌జీ కలపలేదు’ అన్న మాట చుట్టూ గొడవ నడిచింది. ముడిపదార్థాలలో సహజంగా ఉండే గ్లుటమేట్‌ను, చేత్తో కలిపినదాన్ని ల్యాబ్ పరీక్ష విడదీసి చెప్పలేకపోవడం అందులోని అసలు చిక్కు.

ప్లేటులో మిగిలినవి

అదే ప్లేటులో వంద గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది, దాదాపు అంతా తెల్లన్నం నుంచే. నూనె మంట మీద మళ్లీమళ్లీ కాగుతుంది. పక్కన చికెన్ మంచూరియా ఉంటే దానికి మైదా, మక్కజొన్న పిండి పూత. షుగర్ ఉన్న మనిషి రాత్రి తొమ్మిదిన్నరకు ఇది తిని పడుకుంటే, పొద్దున చక్కెర పెరగడానికి డబ్బాలోని తెల్లని పలుకులను వెతకనవసరం లేదు. అనుమానం ఉంటే గ్లూకోమీటర్‌తో తిన్న రెండు గంటలకు ఒకసారి చూసుకుంటే తెలుస్తుంది. ఒక రోజు టేస్టింగ్ సాల్ట్‌తో, మరో రోజు అది లేకుండా అదే ప్లేటు తిని పోల్చుకోవచ్చు.

క్లోమం మీద పడే బరువు గురించి మనుషులలో గట్టిగా రుజువైన సంగతి కొవ్వుకు సంబంధించినది. బ్రిటన్‌లో రాయ్ టేలర్, మైక్ లీన్ నాయకత్వంలో జరిగిన డైరెక్ట్ అనే ప్రయోగం 2017లో వెలువడింది. టైప్ 2 మధుమేహం వచ్చి ఆరేళ్లలోపు ఉన్నవాళ్లకు కఠినమైన తక్కువ కేలరీల ఆహారంతో బరువు తగ్గించగా, ఏడాది తిరిగేసరికి 46 శాతం మంది మందులు లేకుండా మధుమేహ స్థాయి కిందికి వచ్చారు. కాలేయంలో, క్లోమంలో పేరుకున్న కొవ్వు కరగడంతో బీటా కణాలు మళ్లీ పనిలోకి వస్తున్నాయని టేలర్ బృందం స్కానింగులతో చూపింది. టేస్టింగ్ సాల్ట్ మానేయడం వల్ల ఇలాంటి ఫలితం వచ్చిందని చూపిన మానవ ప్రయోగం ఒక్కటీ లేదు. దాన్ని మానేసి అదే అన్నం, అదే నూనె, అదే వేళకు తింటూ క్లోమాన్ని కాపాడుకున్నామని అనుకునే వాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. రుచి పెరిగితే ఒక ముద్ద ఎక్కువ తింటాం, ఆ దారిలో టేస్టింగ్ సాల్ట్‌కు కొంత బాధ్యత ఉండవచ్చు. దాన్ని తగ్గించడానికి ఇంకో కారణం అదే.

సోడియం సంగతి ఒక్క మాటలో చెప్పుకోవచ్చు. మామూలు ఉప్పులో 39 శాతం సోడియం ఉంటే ఇందులో 12 శాతం ఉంటుంది. 2 గ్రాముల టేస్టింగ్ సాల్ట్ సుమారు 0.6 గ్రాముల ఉప్పుతో సమానం. రక్తపోటు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు దాన్ని రోజుకు 5 గ్రాముల ఉప్పు అనే హద్దులోనే కలుపుకుని లెక్కపెట్టాలి.

చివరగా, ఫ్రైడ్‌రైసో బిర్యానీయో తిన్న రాత్రి పైకడుపులో తీవ్రమైన నొప్పి మొదలై వెన్నులోకి పాకితే, వాంతులు ఆగకపోతే, టేస్టింగ్ సాల్ట్ పడలేదని సోడా తాగి పడుకోవడం ప్రమాదకరం. క్లోమం వాపుకు ప్రధాన కారణాలు పిత్తాశయంలోని రాళ్లు, మద్యం, రక్తంలో అతిగా పెరిగిన ట్రైగ్లిజరైడ్లు. నూనె ఎక్కువ ఉన్న భోజనం తరువాత పిత్తాశయం గట్టిగా ముడుచుకున్నప్పుడు చిన్న రాయి జారి క్లోమపు నాళం నోటి దగ్గర ఇరుక్కోవచ్చు. వరంగల్ ఎంజీఎం వంటి పెద్దాసుపత్రికి ఆ రాత్రే వెళ్లాలి. అక్కడ రక్తంలో క్లోమం ఊరించే అరుగుదల ఎంజైములైన లైపేజ్ లేదా అమైలేజ్ చూస్తారు, స్కానింగ్ చేస్తారు. ఆ రకమైన నొప్పి, మామూలు గరిష్ఠ స్థాయికి మూడు రెట్లకు మించిన లైపేజ్ లేదా అమైలేజ్, స్కానింగులో కనిపించే వాపు, ఈ మూడింటిలో రెండు ఉంటే అది క్లోమం వాపు అని నిర్ధారిస్తారు.